భేషజం ఎవరిది? (మన భాష, మన చరిత్ర – 9)

భేషజం అనే మాటకు సంస్కృతంలో మందు అని అర్థం. తెలుగులో మాత్రం లేని గొప్ప ఒలకబోయడం. ఈ రెండర్థాల మీదా ఆడుకుంటూ గిడుగు రామమూర్తి గారు ఒక పుస్తకానికి పేరు పెట్టారు: 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం'. భాషకు వైద్యం చేస్తామని బయల్దేరిన పండితుల డాబు అన్నమాట. సగం పని పేరులోనే అయిపోయింది.

చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. తర్వాత చాలాకాలం బడి తెలుగంటే సూరి తెలుగే. పండితులు ఇంట్లో, వీధిలో మామూలుగానే మాట్లాడేవాళ్లు. కలం పడితే వేరే వేషం. గిడుగు వాళ్ల రాతలనే ముందేసుకుని, వాళ్లు నెత్తిన పెట్టుకున్న వ్యాకరణంతోనే తప్పులు పట్టారు. వాడుక భాష రాయడం తప్పన్నవాళ్లకు గ్రాంథికమూ సరిగా రాదని తేలిపోయింది.

మా సాహిత్య తరగతుల్లో ఇది నవ్వుకునే కథ. నాకు నవ్వు రాదు. వేషం వేసినవాళ్లకు పోయిందేమీ లేదు, పరీక్ష తప్పింది పిల్లలు. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం రాసినా గ్రాంథికమే నెగ్గింది. ఇంట్లో తాతకు పురాణం వచ్చిన పిల్లవాడు ఎలాగో గట్టెక్కుతాడు. మాల, మాదిగ వాడల్లో మొదటిసారి పలక పట్టినవాడి సంగతేమిటి?

గిడుగును నేను తేలిగ్గా అనను. సవరల భాష నేర్చుకుని, వాళ్ల కోసం పుస్తకాలు రాసిన మనిషి. కానీ చివరికి గెలిచింది 'శిష్ట' వ్యావహారికం. ఆ శిష్టుల్లో మన అమ్మల మాట లేదు.

మరి జాషువా పద్యం రాయడం భేషజం కాదా అని కొందరు కుర్రవాళ్లు అడుగుతుంటారు. కాదు. భేషజానికి లోపల సరుకుండదు. కాళిదాసు మేఘాన్ని పంపితే, జాషువా 1941లో గబ్బిలాన్ని పంపారు. గుడిలోకి రానివ్వని మనిషి గోడు శివుడి చెవిన వేయడానికి, గుడిలో వేలాడే జీవిని వెతికి పట్టుకున్నారు. పండితులు తమ సొత్తనుకున్న పద్యంలో ఆ గోడు కూర్చారు. దాన్ని వేషమనడానికి నోరెలా వస్తుంది?

వస్తుంది. ఈ మధ్య ఒక సెమినార్‌లో నా విద్యార్థిని గబ్బిలం మీద పత్రం చదివింది. పద్యాన్ని రాగం తీసి చదివితే, ముందు వరుసలో ఒక పెద్దాయన "బాగా నటిస్తోంది" అన్నారు. ప్రశ్నలకు తన ఇంటి యాసలో జవాబు చెబితే, అదే పెద్దాయన "ముందు భాష బాగుచేసుకో అమ్మా" అన్నారు. పత్రంలో ఏం చెప్పిందో మాత్రం అడగలేదు.

ఆమె ఒప్పుకుంది కాబట్టి, వచ్చే భాగంలో ఆ పత్రమే పెడుతున్నాను.