కంప్యూటరు ఆటలు - క్రొత్తవారి ప్రశ్నలు

జూన్ మాసమున పాఠశాలలు తెరచినప్పుడు ఉపాధ్యాయుడు వినెడి తొలి ప్రశ్నలు వెనుకటి సంవత్సరము విన్నవే. అడిగెడి విద్యార్థికి ప్రశ్న క్రొత్తది. చెప్పెడి ఉపాధ్యాయునకు నూరుసార్లు విన్నది. ఐనను విసుగక చెప్పుట ఆయన వృత్తిధర్మము. అట్టి ధర్మము గాని, జీతము గాని లేక, కేవలము వినోదమునకై చేరిన జనులలో క్రొత్తవారికి ఎవరు బదులు చెప్పుదురు? ఎంతకాలము ఓపికతో చెప్పగలరు? దూరప్రాంతములందున్నవారు కంప్యూటర్ల ద్వారా కలిసి ఆడుకొను ఆటలకు సుమారు అర్ధశతాబ్దపు చరిత్ర కలదు. ఆ చరిత్రలో ఈ సమస్య మరల మరల ఎదురగుచునే యున్నది.

1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయమున రాయ్ ట్రబ్‌షా అను విద్యార్థి 'మడ్' అను ఆటను వ్రాయ నారంభించెను. తోడి విద్యార్థియైన రిచర్డ్ బార్టిల్ 1980 నుండి దానిని పెంపొందించెను. ఇందు బొమ్మలు లేవు. అడవులు, గదులు, నిధులు అన్నియు మాటలలోనే వర్ణింపబడును. ఆటగాడు 'ఉత్తరమునకు పొమ్ము', 'కత్తి తీసికొనుము' అనునట్టి ఆజ్ఞలను టైపుచేయవలెను. ఒకే లోకమున ఒకేసారి పలువురు సంచరించుట ఈ ఆట విశేషము. కావున ఏ ఆజ్ఞ ఈయవలెనో తెలియనివాడు ఎదురుపడిన ఆటగానినే అడుగవచ్చును. ఐతే ఎదురుపడినవాడు ఎట్టివాడో ముందుగా తెలియదు.

ఈ అనుభవముల నాధారముగా గొని బార్టిల్ 1996లో ఒక వ్యాసమును ప్రకటించెను. ఆటగాండ్రను ఆయన నాలుగు తెగలుగా విభజించెను: గెలుపునకై పాటుపడువారు, ఆటలోని రహస్యములను శోధించువారు, తోడివారితో మాటలాడుటకు వచ్చువారు, ఇతరులను బాధించి ఆనందించువారు. ఈ విభజనను బట్టి చూచినచో, క్రొత్తవాని ప్రశ్న ఒక్కటే యైనను దానికి నాలుగు విధములైన ఆదరణలు ఏల లభించునో బోధపడును. రహస్యములను శోధించువానికి అది తన విజ్ఞానమును పంచుకొను అవకాశము. మాటలాడ వచ్చినవానికి పరిచయ కారణము. గెలుపు కోరువానికి కాలహరణము. బాధించువానికి సులభముగా దొరకిన వేట.

అడుగువారు కొలదిమందిగా నున్నంతకాలము ఈ పద్ధతి సాగెను. సంఖ్య పెరిగినప్పుడు చిక్కు వచ్చినది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ 1979లో రూపకల్పన చేసిన 'యూజ్‌నెట్' అను చర్చావ్యవస్థ 1980లో పనిచేయ నారంభించెను. ఆటలను గూర్చిన చర్చలకు ఇది ముఖ్యస్థానమయ్యెను. అమెరికాలో విద్యాసంవత్సరము సెప్టెంబరు ప్రాంతమున ఆరంభమగును. ఏటేట ఆ మాసమున క్రొత్త విద్యార్థులు వచ్చి పాత ప్రశ్నలే అడుగుచుండిరి. కొన్ని వారములలో పద్ధతులు నేర్చుకొనుచుండిరి. 1993, 1994 సంవత్సరములలో వాణిజ్యసంస్థల ద్వారా సామాన్యజనులు పెద్దసంఖ్యలో ప్రవేశించిరి. ఇక ఆ ప్రవాహమునకు ఆగుట లేకపోయెను. పాతవారు దీనికి 'ముగియని సెప్టెంబరు' అని పేరు పెట్టిరి.

ఇట్టి స్థితికి విరుగుడుగా ఒక సాధనము అప్పటికే పుట్టియుండెను. 1980 తరువాతి తొలి సంవత్సరములలో అమెరికా అంతరిక్షసంస్థ 'నాసా'కు చెందిన యూజీన్ మియా, అంతరిక్ష చర్చలలో మాటిమాటికి వచ్చు ప్రశ్నలకు సమాధానములను ఒకచోట చేర్చి, అప్పుడప్పుడు అందరికిని పంపుచుండెను. 'తరచు అడుగబడు ప్రశ్నలు' అను ఈ పద్ధతిని ఆటగాండ్రును చేపట్టిరి. ఒక్కసారి శ్రద్ధగా వ్రాసిన సమాధానము వేయిమందికి ఉపయోగపడును.

కాని ఆటలలో మరియొక చిక్కు కలదు. 1987లో వెలువడిన 'నెట్‌హాక్' అను ఆటను చూడుడు. ఆటగాడు భూగర్భమందలి చీకటి గదులలో దిగుచు ప్రమాదములను దాటవలెను. చనిపోయినచో మొదటినుండి ఆరంభింపవలసినదే. ప్రాణబలము ఏడవ వంతుకన్న తగ్గినప్పుడు దేవుని ప్రార్థించినచో, సమీపకాలమున మరల ప్రార్థించి యుండనిచో, సాధారణముగా ప్రాణము దక్కును. ఆట ఈ సంగతిని విప్పి చెప్పదు. అడిగినవానికి చెప్పినచో స్వయముగా కనుగొను ఆనందము పోవును. చెప్పకున్నచో విసిగి ఆటనే మానవచ్చును. కావున రసభంగము చేయు సమాధానములకు ముందు హెచ్చరిక వ్రాయుట ఆచారమయ్యెను. 'మరియొక తెలివిమాలిన చావు' అను శీర్షికతో ఆటగాండ్రు తమ పొరపాట్లను తామే ప్రకటించుకొనుటయు వాడుకయ్యెను. ఆరితేరినవారును ఇట్లు చచ్చుచుందురని తెలిసినచో క్రొత్తవానికి ప్రశ్నించు ధైర్యము కలుగును.

వ్రాసిపెట్టిన సమాధానములు మేలుతో పాటు కీడును తెచ్చినవి. 'జాబితా చదువుకొనుము' అను మాట కొందరి నోట మందలింపుగా మారెను. క్రొత్తవానికి 'న్యూబీ' అను పేరుండగా, దాని నుండియే 'నూబ్' అను ఎగతాళి మాట ప్రబలెను. విసుగునకు కారణము లేకపోలేదు. అడుగువాడు ఒక్కసారియే అడుగును. చెప్పువాడు అదే మాటను నిత్యము చెప్పవలెను. కాని జాబితాలో వెదకుటకు వస్తువు పేరైన తెలియవలెను గదా! ఆ పేరే తెలియనివాడు ఏమని వెదకును? కసురుకొనగా మారుమాటాడక వెడలిపోయినవానిని ఎవరును లెక్కింపరు. క్రొత్తవారు రానిచో, పాతవారు ఒక్కొక్కరే విరమించుకొలది ఆ సంఘమే క్షీణించును.

కావున బోధించు బాధ్యతను కొందరికి అప్పగించు ప్రయత్నములు జరిగినవి. 1997లో వెలువడిన 'అల్టిమా ఆన్‌లైన్' అను ఆటలో స్వచ్ఛందముగా పనిచేయు సలహాదారులు క్రొత్తవారికి తోడ్పడుచుండిరి. ఈ పనికి వేతనము చెల్లింపవలెనని వారిలో కొందరు 2000 సంవత్సరమున న్యాయస్థానమున దావా వేసిరి. ఓపికగా సమాధానము చెప్పుటయు శ్రమయే యని ఈ వివాదము వెల్లడించినది. ఐస్‌లాండు దేశమున తయారై 2003లో వెలువడిన 'ఈవ్ ఆన్‌లైన్' ఆటలో తోటివారిని మోసగించుటకు కూడ చాలవరకు అనుమతి కలదు. అట్టిచోట అపరిచితుని సలహాను నమ్ముట కష్టము. ఐనను 2004లో ఆటగాండ్రే 'ఈవ్ యూనివర్సిటీ' అను సంస్థను నెలకొల్పి, క్రొత్తవారికి పాఠములు చెప్ప నారంభించిరి. ప్రశ్నించుట తప్పుకాని స్థలము ఒకటి ఏర్పడినది.

మూడవ మార్గము ఆటనే సవరించుట. 2009లో ప్రజలకు అందిన 'మైన్‌క్రాఫ్ట్' ఆటలో రాతిని త్రవ్వుటకు గుద్దలి కావలెను. తొమ్మిది గళ్ల చతురస్రమున పైవరుసలో మూడు చెక్కపలకలు, నడిమి నిలువువరుసలో వాని క్రింద రెండు కర్రలు అమర్చినచో చెక్కగుద్దలి తయారగును. తొలిరోజులలో ఆట ఈ సంగతిని చెప్పెడిది కాదు. ఆటగాండ్రే కూడి వ్రాసిన విజ్ఞానకోశమును చూచి క్రొత్తవారు నేర్చుకొనిరి. 2017 జూన్‌లో వచ్చిన సవరణతో, వస్తువులను చేయు విధానములను తెలుపు పుస్తకమును ఆటలోనే చేర్చిరి.

ఈ చేర్పు ఒక సంగతిని సూచించుచున్నది. ఒకే ప్రశ్నను వేయిమంది అడిగినచో లోపమును అడుగువారియందే వెదకరాదు. చెప్పవలసినది ఎచ్చటనో చెప్పబడలేదని గ్రహింపవలెను. తరగతిలో ఏటేట అదే ప్రశ్న వినవచ్చుచున్నచో, పాఠ్యపుస్తకమున ఆ పుటను మరల చదివి చూచుట మంచిది.