రోగిశయ్యకూ ప్రయోగశాలకూ మధ్య: తెలుగు నేలతో ముడిపడిన వైద్య పరిశోధన చరిత్రలో ఒక సమస్య

ప్రస్తావన

వైద్యుని ముందు ఎప్పుడూ రెండు ప్రశ్నలుంటాయి. ఎదుట ఉన్న రోగికి ఈ పూట ఏం చేయాలన్నది మొదటిది. ఈ రోగం అసలెందుకు వస్తున్నదన్నది రెండవది. మొదటి ప్రశ్న జాగును సహించదు. రెండవ ప్రశ్నకు సంవత్సరాలు పడుతుంది, అప్పటికీ సమాధానం దొరుకుతుందన్న హామీ లేదు. ఒకే మనిషి ఈ రెండు ప్రశ్నలనూ తన వృత్తిగా స్వీకరించడం సాధ్యమా? సాధ్యమైతే ఏ పరిస్థితులలో? ఆధునిక వైద్య చరిత్రలో ఇది మళ్లీ మళ్లీ తలెత్తిన సమస్య.

తెలుగులో వెలువడే వైద్య శాస్త్రజ్ఞుల జీవిత చరిత్రలు ఈ ప్రశ్నకు సాధారణంగా ఒకే సమాధానం చెబుతాయి. ప్రతిభ, దీక్ష, త్యాగం ఉన్నవాడు ఎన్ని అడ్డంకులనైనా దాటి సత్యాన్ని కనుగొంటాడని వాటి సారాంశం. కథానాయకుణ్ణి తపస్విగా చూపే ఈ కథనరీతికి మన సాహిత్యంలో లోతైన వేళ్లున్నాయి. అయితే అడ్డంకులు ఎక్కడ నుంచి వచ్చాయో, అవి లేని చోట ఏం జరిగిందో ఈ రీతి అడగదు. తెలుగు నేలతో నేరుగా ముడిపడిన నాలుగు ఘట్టాలను ఆ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ నాలుగింటిలోనూ ప్రతిభకు కొరత లేదు. తేడా అంతా వైద్యునికి దొరికిన కాలంలోనూ, పదవిలోనూ, రోగులతో నిలిచిన సంబంధంలోనూ ఉంది.

హైదరాబాదు క్లోరోఫారమ్ కమిషన్లు

1847లో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫారమ్‌ను మత్తుమందుగా ప్రవేశపెట్టిన తరువాత శస్త్రచికిత్స స్వరూపమే మారిపోయింది. దానితో పాటు శస్త్రచికిత్స బల్లపై ఆకస్మిక మరణాలూ మొదలయ్యాయి. ప్రాణం పోయేది గుండె ఆగడం వల్లనా, శ్వాస ఆగడం వల్లనా అన్న వివాదం తలెత్తింది. ఇది పండితుల వాదులాట మాత్రమే కాదు. మత్తు ఇచ్చే వ్యక్తి నాడిని గమనించాలా, ఊపిరిని గమనించాలా అన్నది దీనిపై ఆధారపడి ఉంది.

ఆనాడు హైదరాబాదులో రెసిడెన్సీ సర్జన్‌గా, వైద్య పాఠశాల ప్రధానాధికారిగా ఉన్న ఎడ్వర్డ్ లారీ ఎడిన్‌బరోలో జేమ్స్ సైమ్ శిష్యుడు. ఊపిరిని గమనిస్తే చాలన్నది గురువు బోధ. శస్త్రచికిత్సలలో తన అనుభవం కూడా అదే చెబుతున్నదని లారీ నమ్మారు. దానిని ప్రయోగపూర్వకంగా నిరూపించడానికి 1888లో మొదటి కమిషన్ ఏర్పడింది. జంతువులపై జరిపిన ఆ ప్రయోగాల ఫలితాలను లండన్‌లోని లాన్సెట్ పత్రిక సందేహించింది. అప్పుడు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం వెయ్యి పౌండ్లు మంజూరు చేసి, ఆ పత్రిక తరఫున ఒక నిపుణుణ్ణి పంపవలసిందిగా కోరింది. లాడర్ బ్రంటన్ హైదరాబాదుకు వచ్చారు. 1889లో పనిచేసిన రెండవ కమిషన్ కూడా శ్వాసే ముందుగా ఆగుతుందని తేల్చింది.

చికిత్స, బోధన, పరిశోధన ఒకే వైద్యుని చేతిలో, ఒకే నగరంలో, పాలకుని ధనసహాయంతో కలిసిన అరుదైన సందర్భమిది. అయినా నిర్ణయం నిలవలేదు. క్లోరోఫారమ్ తక్కువ మోతాదులో ఉన్నప్పుడు గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోగలదని 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై ప్రయోగాలతో చూపారు. లారీ శ్రమలో లోపం లేదు, సౌకర్యాలలోనూ లోపం లేదు. చికిత్సానుభవం ముందే ఇచ్చిన జవాబును ధ్రువపరచమని ప్రయోగశాలను కోరడమే ఇక్కడి చిక్కు. రెండు పాత్రలు ఒకరిలో కలిసినప్పుడు ఒకటి రెండవదానిని ప్రశ్నించగలగాలి. ఆ శిక్షణ లేనప్పుడు కలయిక మాత్రమే సరిపోదని ఈ ఘట్టం తెలుపుతుంది.

సైనిక వైద్యుని తీరిక వేళ

లారీకి దొరికిన ఆదరణలో లేశమైనా రొనాల్డ్ రాస్‌కు దొరకలేదు. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరిన రాస్ ఒక రెజిమెంటు వైద్యుడు. సైనికులకు చికిత్స చేయడం ఆయన ఉద్యోగం. మలేరియాను దోమలతో ముడిపెట్టే ఊహను 1894లో లండన్‌లో పాట్రిక్ మాన్సన్ ఆయన ముందుంచారు. 1895లో సికింద్రాబాదుకు చేరిన రాస్ ఆ ఊహను పరీక్షించడం మొదలుపెట్టారు. అది ఆయన విధులలో భాగం కాదు. ఆ సంవత్సరమే కలరా నివారణ పనికి ఆయనను బెంగుళూరుకు పంపారు. పరిశోధన అక్కడితో తెగింది.

1897లో తిరిగి సికింద్రాబాదు చేరాక పని సాగింది. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలచేత కుట్టించి, ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున రాస్ చెల్లించారు. ఆగస్టు 20న, రెక్కలపై మచ్చలున్న ఒక దోమ జీర్ణాశయపు గోడలో మలేరియా పరాన్నజీవికి చెందిన రంగు కణాలను ఆయన గుర్తించారు. ఆ ఫలితం అదే ఏడాది డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. కాని అప్పటికే, ఆవిష్కరణ జరిగిన కొద్ది వారాలకే, సెప్టెంబరులో రాస్‌ను రాజపుతానాలోని ఖేర్వారాకు బదిలీ చేశారు. మాన్సన్ లండన్ నుంచి ఒత్తిడి తెచ్చిన తరువాత గాని ఆయనకు పరిశోధన కోసం ప్రత్యేక నియామకం రాలేదు. 1898లో కలకత్తాలో పక్షుల మలేరియాపై పనిచేసి, పరాన్నజీవి దోమలో గడిపే జీవితచక్రాన్ని రాస్ పూర్తిగా వెల్లడించారు. 1902లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ కథను పట్టుదలకు నిదర్శనంగా చెప్పుకోవడం పరిపాటి. ఉద్యోగ వ్యవస్థ వైపు నుంచి చూస్తే మరొక అర్థం స్ఫురిస్తుంది. రెజిమెంటు ఆసుపత్రిలో రోగులు ఉన్నందువల్లనే హుసేన్ ఖాన్ దొరికాడు. వైద్యుని ఉద్యోగమే పరిశోధనకు ముడిసరుకు ఇచ్చింది. అదే ఉద్యోగం ఒక బదిలీ ఉత్తర్వుతో దానిని లాక్కున్నది. బదిలీ చేసిన అధికారులు దుర్మార్గులు కారు. వారి లెక్కలో పరిశోధన అనే పని లేదు, అంతే. లెక్కలో లేని పనిని కాపాడవలసిన బాధ్యత ఎవరికీ ఉండదు. వైద్య పరిశోధనకు ధనసహాయం చేసే ఇండియన్ రీసెర్చ్ ఫండ్ అసోసియేషన్ 1911లో గాని ఏర్పడలేదు. అదే 1949లో భారత వైద్య పరిశోధన మండలిగా మారింది.

రోగిశయ్యకు దూరమైన వైద్యుడు

మూడవ ఘట్టం యల్లాప్రగడ సుబ్బారావుది. 1895లో భీమవరంలో జన్మించిన ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చదివారు. ఖద్దరు ధరించి శస్త్రచికిత్స తరగతికి వెళ్లడం ఆంగ్లేయ ఆచార్యునికి ఆగ్రహం తెప్పించింది. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు దిగువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. స్ప్రూ అనే జీర్ణవ్యాధి ఆయన సోదరులను బలిగొన్నది. తానూ ఆ రోగానికి లోనై, ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం బోధించారు. లక్ష్మీపతి స్వయంగా పాశ్చాత్య వైద్యంలో పట్టభద్రులై ఆయుర్వేదానికి వచ్చినవారన్నది ఇక్కడ గమనించదగినది. స్వదేశీ ఉద్యమ కాలంలో వైద్యుడు తన విద్యను తానే ప్రశ్నించుకున్న వాతావరణమది.

1923 అక్టోబరులో సుబ్బారావు బోస్టన్ చేరారు. అక్కడ వైద్యునిగా పనిచేసే వీలు లేక, హార్వర్డులో చదువుకుంటూనే ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పనిలో కుదిరారు. జీవరసాయన శాస్త్రంలో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఆపై ఏ.టి.పి.ని గుర్తించిన కృషి దాని వెంట వచ్చింది. 1930లో పిహెచ్.డి. లభించింది. హార్వర్డులో స్థిరమైన పదవి దక్కకపోవడంతో 1940లో లెడర్లీ ఔషధ సంస్థకు వెళ్లారు.

అక్కడ ఆయన బృందం చేపట్టిన పనులను వరుసగా చూస్తే వాటి వెనుక వైద్యుని చూపు కనిపిస్తుంది. స్ప్రూలోనూ, కొన్ని రకాల రక్తహీనతలోనూ పనిచేసే ఫోలిక్ ఆమ్లాన్ని 1945 నాటికి సంశ్లేషించారు. ఈ ఆమ్లం వైపు దారి తీసిన తొలి పరిశీలన కూడా ఒక వైద్యురాలిదే. బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను అధ్యయనం చేసిన లూసీ విల్స్ 1931లో దానిని ప్రకటించారు. ఫైలేరియాకు మందు హెట్రజాన్ 1947లో వచ్చింది. తెలుగు తీరప్రాంతంలో బోదకాలు ఎంత పరిచితమైన వ్యాధో చెప్పనక్కరలేదు.

అయితే సుబ్బారావు ఔషధాన్ని రోగికి తానే ఇవ్వలేరు. ఆ పనికి మరొకరు కావాలి. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ ఫోలిక్ ఆమ్ల సంబంధ పదార్థాలను ల్యుకేమియా రోగులకు ఇచ్చి, వాటివల్ల వ్యాధి వేగం పుంజుకుంటున్నట్లు గమనించారు. అయితే ఆ ఆమ్లాన్ని అడ్డుకునే పదార్థం రోగాన్ని అదుపు చేయాలి కదా! ఆ ప్రశ్న లెడర్లీకి చేరింది, సుబ్బారావు బృందం నుంచి అమినోప్టెరిన్ వచ్చింది. 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందిలో తాత్కాలికంగా మెరుగుదల కనిపించిందని ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించారు. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు మరణించారు.

ప్రశ్న రోగి నుంచి ప్రయోగశాలకు వెళ్లి, జవాబుగా రోగి వద్దకే తిరిగి వచ్చిన తీరు ఇక్కడ స్పష్టం. ఇద్దరు వ్యక్తులు, రెండు సంస్థలు కలిసి ఒక వైద్య-పరిశోధకుని పని చేశాయి. సుబ్బారావును గుర్తింపు లేని మేధావిగా మాత్రమే స్మరించినప్పుడు ఈ ఏర్పాటు మన దృష్టికి రాదు. ఆయన మద్రాసులో ఎందుకు నిలవలేకపోయారన్న ప్రశ్న కూడా ఒక ఆచార్యుని కోపం దగ్గరే ఆగిపోతుంది.

కూనూరు నుంచి హైదరాబాదుకు

నాలుగవ ఘట్టం ఒక వ్యక్తిది కాదు, ఒక సంస్థది. ఐ.ఎం.ఎస్. అధికారి రాబర్ట్ మెక్‌కారిసన్ 1918లో నీలగిరులలోని కూనూరులో బెరిబెరి వ్యాధిపై విచారణ ప్రారంభించారు. అది క్రమంగా పోషకాహార పరిశోధనశాలగా ఎదిగింది. 1958లో ఆ సంస్థ హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. కొండమీది ప్రయోగశాల ఒక విశ్వవిద్యాలయానికీ, పెద్ద ఆసుపత్రులకూ, జొన్న తిని బతికే పల్లెలకూ దగ్గరైంది. ఉస్మానియా, నీలోఫర్ ఆసుపత్రులలో పోషకాహార లోప రోగులను సంస్థ వైద్యులు స్వయంగా చూసే వీలు కలిగింది.

దీని ఫలితం పెల్లగ్రా అధ్యయనంలో కనిపిస్తుంది. ఎండ తగిలిన చర్మం నల్లబడి పొలుసులు లేవడం, విరేచనాలు, మనోవ్యాకులత దీని లక్షణాలు. ప్రపంచంలో ఇతర చోట్ల ఈ వ్యాధి మొక్కజొన్న తినేవారిది. మొక్కజొన్నలో ట్రిప్టోఫాన్ తక్కువ కావడం కారణమని భావించేవారు. హైదరాబాదు ఆసుపత్రులకు వచ్చిన రోగులు జొన్న తినేవారు. జొన్నలో ట్రిప్టోఫాన్ అంత తక్కువ కాదు. మరి రోగం ఎందుకు వచ్చింది? మద్రాసులో ఎం.డి., లండన్‌లో పిహెచ్.డి. పొందిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్యతో కలిసి 1960లో లాన్సెట్‌లో ఒక సమాధానం ప్రతిపాదించారు. జొన్నలో అధికంగా ఉండే ల్యూసిన్ అనే ఆమైనో ఆమ్లం దీనికి కారణమన్నారు. ఆ సిద్ధాంతం తరువాత చర్చకు, సవరణకు లోనైంది. కాని పాఠ్యపుస్తకంలోని కారణం తన ముందున్న రోగికి వర్తించదని గుర్తించడానికి వైద్యుడు కావాలి. ఆ అనుమానాన్ని కొలవదగిన ప్రశ్నగా మార్చడానికి పరిశోధకుడు కావాలి. ఇక్కడ ఇద్దరూ ఒక్కరే.

రేచీకటి నివారణకు ఆరు నెలలకొకసారి పిల్లలకు 2,00,000 యూనిట్ల ఎ విటమిన్ ఇచ్చే పద్ధతిని ఈ సంస్థ క్షేత్రస్థాయిలో పరీక్షించింది. 1970లో అది జాతీయ కార్యక్రమంగా మారింది. ఇందులో ఎవరూ బదిలీని ఎదిరించి గాని, రాత్రిపూట మరో ఉద్యోగం చేసి గాని పరిశోధన సాగించవలసి రాలేదు. ఇది కథగా చెప్పుకోవడానికి అంత రక్తికట్టదు. దాని విలువ కూడా అందులోనే ఉంది.

ముగింపు

ఇదే సమస్యను అమెరికా మరొక విధంగా ఎదుర్కొన్నది. 1910లో రాక్‌ఫెల్లర్ సంస్థ పరిశోధన కోసమే ఒక ఆసుపత్రిని తెరిచింది. 1964లో అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థలు వైద్య పట్టాను, పిహెచ్.డి.ని కలిపి నేర్పే శిక్షణకు ధనసహాయం మొదలుపెట్టాయి. అయినా 1979లో జేమ్స్ విన్‌గార్డెన్ వైద్య-పరిశోధకుణ్ణి అంతరించిపోతున్న జాతితో పోల్చవలసి వచ్చింది. రెండు పట్టాలు ఇచ్చినంత మాత్రాన రెండు పనులకూ కాలం దొరకదని దీని అర్థం. మన దేశంలో ఎం.డి. విద్యార్థి సిద్ధాంత వ్యాసం సమర్పించడం తప్పనిసరి. వార్డు విధుల మధ్య మిగిలిన గంటలలో రాసే వ్యాసం పరిశోధనకు ఆరంభమవుతుందా, కేవలం ఒక లాంఛనమవుతుందా అన్నది ఆ గంటలను ఎవరు, ఏ లెక్కలో కేటాయిస్తారన్న దానిమీద ఆధారపడుతుంది.

నాలుగు ఘట్టాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే లారీకి వనరులున్నాయి, తనను తాను సందేహించుకునే శిక్షణ లేదు. రాస్‌కు ప్రశ్న ఉంది, పదవి లేదు. సుబ్బారావుకు ప్రయోగశాల ఉంది, రోగి లేడు. హైదరాబాదు పోషకాహార సంస్థలో ఈ మూడూ కొంతకాలం ఒక చోట చేరాయి. వైద్య శాస్త్రజ్ఞుల చరిత్ర రాసే తెలుగు రచయిత ప్రతిభకు నమస్కరించడంతో పాటు జీతపు పట్టికను, బదిలీ ఉత్తర్వును, వార్డు తలుపును కూడా చరిత్రకు ఆధారాలుగా చదవవలసి ఉంది. అలా చదివినప్పుడు త్యాగం కొంత చిన్నదిగా కనిపించవచ్చు. కాని ఆ త్యాగం అవసరం లేకుండా చేయడం ఎలాగో తెలుస్తుంది.