ఊరు పెట్టిన పేర్లు

సర్వేపల్లి నెల్లూరు జిల్లాలో, మా వెంకటాచలం మండలంలో ఒక ఊరు. పెద్ద చెరువు, చెరువు కింద మాగాణి, పెన్న నీళ్లు తెచ్చే సర్వేపల్లి కాలువ. ఈ ఊరి పేరు తెలియని చదువుకున్న భారతీయుడు ఉండడు. కానీ ఆ పేరును లోకానికి చాటిన మనిషి ఇక్కడ పుట్టలేదు, ఇక్కడ పెరగలేదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో పుట్టారు. తండ్రి వీరాస్వామి ఒక జమీందారు దగ్గర చిన్న రెవెన్యూ ఉద్యోగి, తల్లి సీతమ్మ. ఆయన పుట్టడానికి ఎన్నో తరాల ముందే ఆ కుటుంబం పెద్దలు సర్వేపల్లి విడిచి దక్షిణానికి వెళ్లిపోయారు. పొలాన్నీ ఇంటినీ వదులుకున్నారు గాని ఊరి పేరును మాత్రం ఇంటి పేరుగా వెంట తీసుకుపోయారు.

ఈ విషయం చిన్నప్పటి నుంచి నా మనసులో తిరుగుతూనే ఉంది. రాధాకృష్ణన్ పుట్టినరోజున బళ్లో ఉపాధ్యాయ దినోత్సవం చేసినప్పుడల్లా ‘మన సర్వేపల్లి’ అని మాస్టర్లు గర్వంగా చెప్పేవాళ్లు. ఇక్కడ పుట్టనే పుట్టని మనిషి మనవాడు ఎట్లా అయ్యాడని అడిగే వయసు అప్పుడు కాదు. ఇప్పుడు అడుగుతున్నాను. ఒక మనిషిని ఒక ఊరివాడిగా చేసేది ఏది? పుట్టుకా, పొలమా, రక్తమా, లేక నలుగురూ పిలిచే పిలుపా?

మా ప్రాంతంలో ఇంటి పేర్లను కాస్త నిదానంగా గమనిస్తే ఒక సంగతి తెలుస్తుంది. గూడూరు వారు, నెల్లూరు వారు, పొదలకూరు వారు, వెంకటగిరి వారు అనే ఇంటి పేర్లున్న కుటుంబాలు ఎక్కువగా కనిపించేది ఆ ఊళ్లలో కాదు, వేరే ఊళ్లలో. గూడూరులోనే ఉన్నవాణ్ని గూడూరు వాడని పిలవాల్సిన పని ఎవరికీ లేదు. ఊరు విడిచి ఇంకో ఊళ్లో కాపురం పెట్టినప్పుడు అక్కడివాళ్లు ‘వీళ్లు ఫలానా ఊరోళ్లు’ అన్నారు. ఆ మాట మూడు తరాలు నిలిచి ఇంటి పేరై కూర్చుంది. కుటుంబం ఆ పేరును జాగ్రత్తగా మోసింది నిజమే. కానీ దాన్ని పెట్టింది మాత్రం వాళ్లను కొత్తగా చేర్చుకున్న ఊరు.

తిరుత్తణి కథలో ఇంకో మలుపు ఉంది. ఆ తాలూకా చిత్తూరు జిల్లాలో ఉండేది. ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల సరిహద్దు సర్దుబాటులో 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రానికి పోయింది. అప్పుడు రాధాకృష్ణన్ ఈ దేశానికి ఉపరాష్ట్రపతి. ఆయన పుట్టిన ఊరు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మారిపోయింది, పేరు ముందున్న సర్వేపల్లి మాత్రం కదల్లేదు. తమిళ నేల మీద పేరు ముందు తండ్రి పేరులోని మొదటి అక్షరం పెట్టుకోవడం వాడుక. తరాల తరబడి ఆ నేల మీద బతికిన ఈ కుటుంబం మాత్రం ‘ఎస్’ అనే అక్షరంలో నెల్లూరు జిల్లాలోని ఒక పల్లెను దాచుకుంది. ఆయన కొడుకు, చరిత్రకారుడు ఎస్. గోపాల్ పేరులోని ‘ఎస్’ కూడా అదే. తండ్రి జీవిత చరిత్ర రాసింది కూడా ఈ గోపాలే.

మగవాళ్ల సంగతి ఇది. ఆడవాళ్ల సంగతి వేరు, నా దృష్టిలో ఇంకా గొప్పది. పెళ్లితో ఆడపిల్ల ఇంటి పేరు మారిపోతుంది. కాని అత్తగారి ఊళ్లో ఆమెను ఎవరూ ఆ కొత్త ఇంటి పేరుతో పిలిచేవాళ్లు కాదు. పుట్టిన ఊరి పేరుతో పిలిచేవాళ్లు. పొదలకూరు నుంచి వచ్చిన కోడలు పొదలకూరామె, మనుబోలు నుంచి వస్తే మనుబోలామె. మా నాయనమ్మను మా వీధిలో చివరిదాకా పొదలకూరామె అనే పిలిచారు. ఆమె అసలు పేరు మా ఈడు పిలకాయలకు చాలా ఏళ్లు తెలియదు. కాగితాల మీద తండ్రి ఇంటి పేరు పోయినా, వీధి మొత్తం రోజుకు పదిసార్లు ఆమె పుట్టినూరిని తలుచుకునేది. పండక్కి పొదలకూరు వైపు నుంచి ఎవరొచ్చినా ‘మీ ఊరోళ్లు వచ్చారమ్మా’ అని కబురు అందేది. వచ్చినవాళ్లు ఏ కులంవాళ్లయినా ఆమెకు అన్నో, బాబాయో అయిపోయేవాళ్లు. ఆడబిడ్డ ఊరు మారినప్పుడు ఊడిపోవాల్సిన వేరును మా పల్లెలు ఇట్లా పిలుపుతో తడిపి బతికించాయి. ఏ ఆఫీసు రికార్డులోనూ ఈ పేర్లు లేవు. ఇప్పుడు కోడళ్లను ఉద్యోగంతోనో పిల్లల పేర్లతోనో పిలుస్తున్నారు. ఇంకో తరం పోతే ఈ వాడుక ఉండేదని చెప్పేవాళ్లు కూడా ఉండరేమో.

వెళ్లిన మనిషి వెంట ఊరు వెళ్లడం ఒకటైతే, బయటినుంచి వచ్చిన మనిషికి ఊరు తన పేరు ఇవ్వడం ఇంకొకటి. దీనికి గొలగమూడి కంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. భగవాన్ వెంకయ్య స్వామి పుట్టింది చేజర్ల మండలం నాగులవెల్లటూరులో. పల్లెటూరి రైతు కుటుంబం. వయసులో ఉండగా మతి చలించినట్టు తిరుగుతున్నాడని సొంత ఊరివాళ్లే ఆయన్ని పిచ్చి వెంకయ్య అన్నారు. పెన్న ఒడ్డునా అడవుల్లోనూ ఏళ్లకేళ్లు తిరిగిన మనిషి, చివరికి మా మండలంలోని గొలగమూడిలో నిలిచారు. 1982 ఆగస్టు 24న అక్కడే సమాధి అయ్యారు. ఏటా ఆగస్టులో ఆరాధన ఉత్సవాలకు జనం ఎక్కడెక్కడినుంచో వస్తారు. శనివారం రాత్రి ఆశ్రమంలో నిద్ర చేస్తారు. వచ్చినవాళ్లకు అన్నం పెడతారు, ఎవరింటివాళ్లని అడగరు. ఆయన్ని ఇప్పుడు ఎవరూ నాగులవెల్లటూరు వెంకయ్య అనరు. గొలగమూడి వెంకయ్య స్వామి అంటారు. పుట్టిన ఊరు అర్థం చేసుకోలేక పిచ్చివాడన్న మనిషిని ఇంకో ఊరు కూచోబెట్టి అన్నం పెట్టింది, తన పేరు ఇచ్చింది. ఆ పేరు వల్లే ఈ రోజు గొలగమూడి అంటే తెలియని తెలుగు జిల్లా లేదు.

కసుమూరు కూడా మా మండలమే. అక్కడి మస్తాన్ వలీ దర్గా గంధ మహోత్సవానికి వచ్చే జనంలో ముస్లింలు ఎంతమందో హిందువులు అంతమంది. సంతానం లేనివాళ్లు మొక్కుకుంటారు, జబ్బుచేసిన బిడ్డను తీసుకొచ్చి పడుకోబెడతారు. బిడ్డ బతికితే, పుడితే, మస్తానయ్య అనో మస్తానమ్మ అనో పేరు పెడతారు. నెల్లూరు జిల్లాలో మస్తాన్ రెడ్లు, మస్తాన్ నాయుళ్లు, మస్తాన్ రావులు ఊరూరా కనిపిస్తారు. బయటి జిల్లాల వాళ్లు ఈ పేర్లు విని ఆశ్చర్యపోవడం నేను చూశాను. మాకు అందులో ఆశ్చర్యం ఏమీ లేదు. ఇంటి పేరు తాతలది, కులం పుట్టుకది, నడుమనున్న ఆ పేరు మాత్రం పొరుగు మతం మహనీయుడిది. తల్లిదండ్రులు బిడ్డ మేలు కోరి ఆ పేరు పెట్టారు, ఎవరినో మెప్పించడానికి కాదు. మొహర్రం రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాలో ముక్కూ మొహం తెలియనివాళ్లు రొట్టెలు మార్చుకుంటారు గదా, ఆ నమ్మకం ఈ నేలదే. మతాల మధ్య గోడలు కట్టాలనుకునేవాళ్లు మా ఓటర్ల జాబితా తెచ్చుకుని ఒక పూట చదవాలి.

ఇంతవరకూ రాసింది గర్వపడదగ్గ చరిత్ర. ఇక రాయాల్సింది రాయకపోతే ఇది ఊరి చరిత్ర కాదు.

ఈ తీరం మీద అందరికంటే ముందునుంచీ ఉన్నవాళ్లు యానాదులు. చెరువులో చేపలు పట్టేది వాళ్లు, వరిచేలల్లో ఎలుకలు పట్టి పంటను కాపాడింది వాళ్లు, ఏ ఆకు ఏ జబ్బుకో తెలిసింది వాళ్లకి, తోటలకూ రొయ్యల గుంటలకూ రాత్రిళ్లు కాపలా పడుకునేది వాళ్లు. ఈ నేల గురించి వాళ్లకు తెలిసినంత మాలో ఎవరికీ తెలియదు. అయినా ఊరు వాళ్లకు తన పేరు ఇవ్వలేదు. చెరువు కట్ట మీదా, కాలువ గట్టు మీదా, ఎవరిదో పొలం చివరా గుడిసె వేసుకోమంది, అవసరం తీరాక తీసెయ్యమంది. ఊళ్లో కులాలు దాటి మామా, అత్తా, అన్నా, అక్కా అని పిలుచుకునే అలవాటు ఉందని మేమంతా మురిసిపోతాం. ఆ వరసలు దళితవాడ దగ్గరికి వచ్చేసరికి తడబడేవి, యానాది గుడిసె దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేవి. అరవై ఏళ్ల పెద్దమనిషిని పదేళ్ల పిలకాయ ‘ఒరే చెంచయ్యా’ అనేవాడు. అది తప్పని ఇంట్లో చెప్పినవాళ్లు తక్కువ.

తెల్లవాళ్ల ప్రభుత్వం ఇంకో అడుగు ముందుకు వేసింది. నేరస్థ జాతుల చట్టం కింద యానాదుల్లో కొందరిని పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసి, బిట్రగుంట దగ్గర కప్పరాళ్లతిప్ప సెటిల్మెంటులో పెట్టింది. ఆ ముద్ర చెరపడానికి జీవితమంతా పోరాడినవాడు నెల్లూరు జిల్లావాడే, వెన్నెలకంటి రాఘవయ్య. యానాదులను సంఘంగా కూడగట్టాడు, వాళ్ల జీవితం గురించి పుస్తకం రాశాడు, గుడిసె గుడిసెకూ తిరిగాడు. 1952 నాటికి దేశమంతటా ఆ చట్టం పోయింది. 1973లో రాఘవయ్యకు పద్మభూషణ్ వచ్చింది. చట్టం పోయినా చూపు పోవడానికి చాలా కాలం పట్టింది. అప్పు కింద మనుషుల్ని కట్టేసే వెట్టిని నిషేధిస్తూ 1976లో ఇంకో చట్టం వచ్చింది. ఆ తర్వాత కూడా మా తీరంలో గుంటల దగ్గరా తోటల దగ్గరా యానాది కుటుంబాలను వెట్టి నుంచి విడిపించాల్సి వచ్చిందంటే తలవంచుకోవాల్సింది ఊరే.

గిరిజన కాలనీల్లో ఇప్పటికీ పిల్లల్ని బళ్లో చేర్చడానికి జనన ధ్రువపత్రం దొరకని ఇళ్లున్నాయి. ఆ పత్రం లేక ఆధార్ లేదు, ఆధార్ లేక రేషన్ కార్డు లేదు, కుల ధ్రువపత్రం కోసం తిరగడానికి కూలి మానుకోవాలి. పుట్టి పెరిగిన ఊళ్లోనే, నువ్వు ఈ ఊరివాడివని రుజువు చూపించమని అడిగించుకోవడం కన్నా పరాయితనం ఏముంటుంది? ఎప్పుడో ఊరు విడిచిన కుటుంబానికి సర్వేపల్లి దక్కింది. ఊరు విడవకుండా చెరువు కట్ట మీదే ఉన్న కుటుంబానికి దక్కలేదు. నాకు ఇందులో విధి ఏమీ కనపడదు. ఊళ్లోవాళ్లు చేసిన నిర్ణయమే కనపడుతుంది. ఊళ్లోవాళ్లు మార్చగలిగిందీ అదే.

ఇప్పుడు మండలం పాత మండలం కాదు. హైవేలో పోయేవాళ్లకు మేము టోల్ ప్లాజాగా గుర్తుంటాం. మద్రాసు రైలు మార్గంలో ఉన్న మా స్టేషను నుంచి కృష్ణపట్నం రేవుకు లైను చీలుతుంది. 2019లో ఓబులవారిపల్లె నుంచి కొండను తొలిచి తెచ్చిన లైను వచ్చి కలిసింది. కాకుటూరులో 2008 నాటి విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉంది, చెముడుగుంటలో కేంద్ర కారాగారం ఉంది. చవటపాలెంలో పుట్టిన వెంకయ్య నాయుడు గారు చిన్ననాడే తల్లిని పోగొట్టుకుని పెరిగి, 2017లో ఉపరాష్ట్రపతి అయ్యారు. మొదటి ఉపరాష్ట్రపతి ఇంటి పేరూ, పదమూడో ఉపరాష్ట్రపతి పుట్టిన ఊరూ ఒకే మండలంలో ఉండటం మాకు తీరని సంతోషం. 2001లో ఇక్కడ మొదలైన స్వర్ణభారత్ ట్రస్టులో పనులు నేర్చుకుని బతుకుతెరువు చూసుకున్న పల్లెటూరి ఆడపిల్లలు, కుర్రాళ్లు మా చుట్టుపక్కల చాలామంది. మైసూరులో ఉండిన ప్రాచీన తెలుగు అధ్యయన కేంద్రం 2020 జనవరిలో తెలుగు నేలకు వచ్చినప్పుడు మొదట దిగింది ఆ ట్రస్టు ఆవరణలోనే. ఎక్కడో పుట్టి మనదైన దాన్ని ఇంటికి తెచ్చుకోవడంలో మాకు అలవాటు ఉందని నాకు అనిపించింది.

మా పిల్లలు చెన్నైకి, బెంగుళూరుకి, అమెరికాకి పోతున్నారు. ఆడవాళ్లు కువైట్ పోయి ఇళ్లు నిలబెడుతున్నారు. సంక్రాంతికీ పోలేరమ్మ కొలుపులకూ వచ్చేవాళ్లు వస్తారు, రాలేనివాళ్లు ఫోన్లో చూస్తారు. అక్కడ వాళ్ల బిడ్డలకు ఈ ఊరు ఎట్లా అందుతుంది? నేను చూసినంతలో పొలం పాసుబుక్కు వల్ల అందదు. మీ జేజి ఏ ఊరామె, మీ తాతకు ఆ పేరు ఎందుకు పెట్టారు, మీ ఇంటి పేరు ఎక్కడిది అని ఇంట్లో ఎవరో ఒకరు చెబితేనే అందుతుంది. చెప్పేవాళ్లు ఎనభైల్లో ఉన్నారు. వాళ్ల తర్వాత చెప్పేవాళ్లు లేరు.

అందుకే మండలంలోని అయ్యవార్లకూ పంచాయతీ పెద్దలకూ నాదొక మనవి. ఈసారి సెప్టెంబరు 5న రాధాకృష్ణన్ పటానికి దండ వేసినాక, పిల్లల చేతికి ఒక నోటు పుస్తకం ఇవ్వండి. ఇంటికెళ్లి ముసలివాళ్లను కూర్చోబెట్టి, ఎక్కడినుంచి వచ్చారో, ఏ పేరుతో పిలిచారో, ఎవరు చేరదీశారో రాసుకురమ్మనండి. వచ్చే గ్రామసభలో ఆ పుస్తకాలు పైకి చదివించండి. జనన ధ్రువపత్రం లేని బిడ్డల పేర్లు అదే సభలో అధికారుల ముందు పెట్టి, పత్రం చేతికి వచ్చేదాకా వెంటపడండి. ఈ పని గిరిజన కాలనీ నుంచి మొదలుపెట్టండి.