అడుగును నమ్ముకున్న చేప

పగలంతా బురదలో దూరి, సన్నటి మూతి మాత్రం పైకి పెట్టి, చీకటి పడ్డాక పురుగుల వేటకు బయటికొచ్చే చేప బొమ్మిడాయి. కొల్లేరు సరస్సు జాలర్లయిన వడ్డీలు వెదురు మావులు పెట్టి పట్టేవారు. దాని పులుసు గురించి గోదావరి వాళ్ళకు వేరే చెప్పాలా!

బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్ళను కొల్లేరు ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పంపేది. 1970ల నుంచి చేపల చెరువుల కట్టలు లేచాయి. పారే నీరు నిలిచిపోయింది. విజయవాడ, ఏలూరు, గుడివాడల మురుగు, ఫ్యాక్టరీల వ్యర్థం, వరిచేల మీద చల్లిన మందు అడుక్కి దిగాయి. నీటిలో, బురదలో, చివరికి చేప కండలో కూడా పురుగుమందులు, సీసం, కాడ్మియం పరిశోధకులకు దొరికాయి.

అడుగున బతికే జీవికి ఈ విషం మూడు దారుల్లో ఎక్కుతుంది: చర్మం, మొప్పలు, తిన్న పురుగు. దీన్ని లోకానికి స్పష్టంగా చూపినవి బురదకు అంటుకుని బతికే బల్లపరుపు సముద్రపు చేపలు. తారులాంటి విషాన్ని వదిలించుకోవాలని వాటి కాలేయం ఎంజైములతో దాన్ని విరగ్గొడుతుంది. ఆ విరిగిన ముక్కల్లో కొన్ని డీఎన్‌ఏకు అతుక్కుంటాయి. ఏళ్ళు గడిచాక అక్కడే కణితి లేవచ్చు. ప్రాణం కాపాడాల్సిన పనే చేప ప్రాణం మీదికి తెస్తుంది. కొన్ని ఆడచేపల్లో గుడ్లు కూడా సరిగా పండవు.

అమెరికాలో ఈగిల్ హార్బర్ దగ్గర ఇదే జరిగింది. కలపకు పూసే క్రియోసోట్ అడుగున పేరుకుని, ఇంగ్లిష్ సోల్ అనే బల్లపరుపు చేపల కాలేయాలు చెడిపోయాయి. 1993–94లో ఆ బురద మీద మంచి మట్టి పరిచాక జబ్బు కాలక్రమేణా తగ్గింది. బోస్టన్ రేవులో మురుగుకు దారి మార్చి శుద్ధి చేశాక, 2004 నుంచి ఫ్లౌండర్ చేపల్లో కాలేయ కణితులు కనబడలేదు.

మన కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో అభయారణ్యం హద్దైన అయిదో కాంటూరు లోపలి చెరువుల కట్టల్ని కొట్టేశారు. కొట్టాల్సిందే. కానీ అడుగున దిగిన విషం కట్టలతో పాటు పోయేది కాదు. బొమ్మిడాయి తగ్గిపోవడానికి అదొక్కటే కారణమనను, ఆ చేప దాక్కునే రెల్లు, తుంగ కూడా చెరువుల కిందికే పోయాయి. ఇప్పుడు లారీలెక్కి కోల్‌కతా వైపు పోయేవి తవుడు తిని పెరిగిన బొచ్చె, శీలావతి.

పక్షుల్ని ఏటా లెక్కపెడుతున్నాం. ఆటపాక దగ్గర, కొల్లేటికోట దగ్గర నాలుగు మావులెత్తి, పడ్డ బొమ్మిడాయిల కాలేయం, పిత్తం కూడా ఏటా పరీక్షకు పంపాలి.