ఉల్లి ట్రాక్టర్ల క్యూ ఎందుకు కదలదు? ఫ్రీ ఆన్‌లైన్ కోర్సులో జవాబు.. ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్ పూర్తి వివరాలివే

ఉల్లి సీజన్ వచ్చిందంటే కర్నూలు మార్కెట్ యార్డులో ట్రాక్టర్లు వరుస కడతాయి. వేలం ఎప్పుడో, కాటా ఎప్పుడో తెలియక రైతు బస్తాల పక్కనే పడుకునే రాత్రులుంటాయి. ఈలోగా వాన పడితే సరుకు తడుస్తుంది. ట్రాక్టర్ బాడుగ పెరుగుతుంది. మరి ఈ ఆలస్యం ఎక్కడ మొదలవుతోంది? ఎంత తగ్గించొచ్చు? దీన్ని లెక్కగట్టి చెప్పే సబ్జెక్టు ఒకటుంది. అదే ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్.

ఎంబీఏ, మెకానికల్ ఇంజినీరింగ్ క్లాసుల్లో చెప్పే ఈ పాఠాన్ని ఇప్పుడు ఐఐటీ ప్రొఫెసర్ల దగ్గర ఫోన్‌లోనే వినొచ్చు. అదీ ఫ్రీగా. పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలనుకుంటేనే ఫీజు. కర్నూలు, కడప యువతకు ఈ కోర్సు ఎంతవరకు పనికొస్తుంది? ఏం నేర్పిస్తారు? ఎక్కడ జాగ్రత్తగా ఉండాలి? చూద్దాం.

అసలు ఏంటీ సబ్జెక్టు?

ఒక పని మొదటి నుంచి చివరి వరకు ఎన్ని మెట్లు దాటుతుంది, ఏ మెట్టు దగ్గర ఎంతసేపు ఆగుతుంది, ఎక్కడ సరుకు పాడవుతుంది.. ఇవన్నీ కొలిచి సరిచేయడమే ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్. అందులో పనితీరును మెరుగుపరిచే భాగాన్ని ప్రాసెస్ ఇంప్రూవ్‌మెంట్ అంటారు. కార్ల ఫ్యాక్టరీకైనా, హోటల్ వంటగదికైనా, ఆస్పత్రి ఓపీకైనా సూత్రాలు ఒకటే. పేరు పెద్దదే కానీ ప్లస్, మైనస్, గుణకారం, భాగహారం వస్తే సగం కోర్సు అర్థమైపోతుంది.

క్యూల లెక్కకు 1961 నాటి సూత్రం

ఈ కోర్సుల్లో దాదాపు అన్నింటిలోనూ వచ్చే పాఠం లిటిల్స్ లా. అమెరికా ప్రొఫెసర్ జాన్ లిటిల్ 1961లో దీనికి రుజువు ఇచ్చారు. సూత్రం చాలా చిన్నది. లోపల ఉన్నవాళ్ల సంఖ్య అంటే, గంటకు ఎంతమంది వస్తున్నారో దాన్ని ఒక్కొక్కరు లోపల గడిపే టైమ్‌తో గుణించడమే.

యార్డుకే వర్తింపజేద్దాం (కింది అంకెలు లెక్క అర్థం కావడానికి తీసుకున్నవి మాత్రమే). గంటకు 20 ట్రాక్టర్లు లోపలికొస్తున్నాయి. ఒక్కో ట్రాక్టర్ సగటున 6 గంటలు లోపలే ఉంటోంది. అంటే ఏ టైమ్‌లో చూసినా యార్డులో 120 ట్రాక్టర్లు ఉంటాయి. కానీ జాగా 80 ట్రాక్టర్లకే ఉందనుకోండి. మిగతా 40 రోడ్డు మీదే. ఇప్పుడు గోడలు పగలగొట్టి యార్డును పెంచాలా? అక్కర్లేదు. ఒక్కో ట్రాక్టర్ లోపల గడిపే టైమ్‌ను 6 గంటల నుంచి 4 గంటలకు తగ్గిస్తే చాలు, అదే జాగా సరిపోతుంది.

కిటుకంతా కాటా దగ్గరే

మరి ఆ 2 గంటలు ఎక్కడ తగ్గించాలి? ఇక్కడే రెండో పాఠం మొదలవుతుంది. దాని పేరు బాటిల్‌నెక్. తెలుగులో చెప్పాలంటే ఇరుకు. సీసాలో ఎంత నీళ్లున్నా మూతి దగ్గర పట్టినంతే బయటికొస్తుంది కదా, అలాగన్నమాట. ఇజ్రాయెల్‌కు చెందిన ఎలియాహు గోల్డ్‌రాట్ 1984లో 'ది గోల్' అనే నవలతో ఈ ఆలోచనను ఫ్యాక్టరీల్లో పాపులర్ చేశారు. మేనేజ్‌మెంట్ పాఠాన్ని నవలగా రాయడం అప్పట్లో వింతే.

యార్డులో సరుకు సాధారణంగా గేటు ఎంట్రీ, దించడం, వేలం, బస్తాలకు ఎత్తడం, కాటా, తక్‌పట్టీ.. ఇలా సాగుతుంది. గేటు దగ్గర గంటకు 20 లాట్లు లోపలికి పంపుతున్నారు. కాటా మాత్రం గంటకు 15 లాట్లే తూస్తోంది. గంటకు 5 చొప్పున మిగిలిపోతాయి. 6 గంటలయ్యేసరికి కాటా ముందు 30 లాట్లు. అప్పుడు గేటు దగ్గర ఇంకో మనిషిని పెడితే ఏమవుతుంది? ఏమీ కాదు. పైగా కాటా ముందు రద్దీ పెరుగుతుంది. కాటా ఖాళీగా ఉండే ప్రతి నిమిషాన్ని వెతికి పట్టుకోవాలి. బస్తాలు ముందే కుట్టి సిద్ధంగా ఉన్నాయా? హమాలీలు భోజనానికి వెళ్లిన టైమ్‌లో కాటా ఆగుతోందా? తక్‌పట్టీ రాసేదాకా తర్వాతి లాట్‌ను కాటా ఎక్కించకుండా ఆపుతున్నారా? కొత్త కాటా కొనేముందు అడగాల్సిన ప్రశ్నలివి.

ఒక మాట మాత్రం ఇక్కడే చెప్పుకోవాలి. క్యూ తగ్గినంత మాత్రాన ఉల్లి ధర పెరగదు. పంట అంతా ఒకేసారి మార్కెట్‌కు వచ్చి రేటు పడిపోతే దానికి ఈ కోర్సులో మందు లేదు. పత్తికొండలో టమాటా రైతు కష్టమూ అంతే. తగ్గించగలిగేది నిరీక్షణ ఖర్చు, సరుకు నష్టం. రేటు బాగాలేని రోజున ఒక బాడుగ మిగిలినా రైతుకు అది చిన్న విషయమేం కాదు.

90 శాతం బిజీ అంటే..?

కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రికి రాయలసీమ నుంచే కాదు, గద్వాల, రాయచూరు వైపు నుంచి కూడా రోగులు వస్తారు. ఇలాంటి పెద్దాస్పత్రుల్లో ఓపీ క్యూ గురించి కోర్సు చెప్పే లెక్క వింటే చాలామంది నమ్మరు.

ఒకే డాక్టర్, ఒకే క్యూ. రోగులు ఎప్పుడంటే అప్పుడు వస్తారు. ఒక్కొక్కరికి సగటున 5 నిమిషాలు పడుతుంది, కానీ ఒకరికి 2 నిమిషాలు, ఇంకొకరికి 12. డాక్టర్ టైమ్‌లో 80 శాతం నిండితే రోగి సగటున 20 నిమిషాలు వెయిట్ చేయాలి. 90 శాతం నిండితే 45 నిమిషాలు. 95 శాతమైతే 95 నిమిషాలు! డాక్టర్ మీద పెరిగిన పని కొంచెమే. రోగి నిరీక్షణ మాత్రం దాదాపు ఐదింతలైంది. "అందరూ ఫుల్ బిజీగా ఉంటేనే ఆఫీసు బాగా నడుస్తున్నట్టు" అనే నమ్మకం ఇక్కడే దెబ్బతింటుంది. ఈ కోర్సు మొత్తంలో ఒక్క క్లాసే వినే ఓపిక ఉంటే, క్యూల క్లాస్ వినడం మంచిది.

పరిష్కారం? పొద్దున్నే అందరూ ఒకేసారి రాకుండా గంటల వారీగా టోకెన్లు ఇవ్వొచ్చు. పాత చీటీ మీద మందుల కోసం వచ్చేవాళ్లకు వేరే క్యూ పెట్టొచ్చు. డాక్టర్ల సంఖ్య మారకుండానే నిరీక్షణ తగ్గించే మార్గాలివి.

నాపరాయి యూనిట్‌లో సిక్స్ సిగ్మా

కడప జిల్లా పేరునే మోస్తున్న కడప రాయి, బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు కనిపించే నాపరాయి యూనిట్లు.. ప్రాసెస్ ఇంప్రూవ్‌మెంట్ నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే మంచి ల్యాబ్ దొరకదు. ఎందుకంటే ఇక్కడ తప్పు కంటికి కనిపిస్తుంది. బండ పగులుతుంది.

సిక్స్ సిగ్మా 1986లో అమెరికా కంపెనీ మోటరోలాలో పుట్టింది. దాని టార్గెట్ 10 లక్షల అవకాశాల్లో 3.4 తప్పులు మించకూడదని. పద్ధతిలో ఐదు మెట్లున్నాయి. సమస్య ఏంటో రాసుకోవడం, కొలవడం, కారణం వెతకడం, సరిచేయడం, మళ్లీ పాత దారిలోకి జారకుండా చూడటం.

ఉదాహరణకు ఒక యూనిట్‌లో రోజుకు 200 బండలు, అందులో 14 పగులుతున్నాయనుకుందాం. 7 శాతం. సిక్స్ సిగ్మా భాషలో ఇది సుమారు 3 సిగ్మా. ఓనర్ ఏమనుకుంటాడు? కటింగ్ మెషీన్ పాతబడింది, కొత్తది తేవాలి అని. కానీ 15 రోజులు ఒక నోట్‌బుక్‌లో ఏ బండ ఎక్కడ పగిలిందో గీతలు పెట్టి చూస్తే 14లో 9 లోడింగ్ దగ్గరే పగులుతున్నాయని తేలొచ్చు. అప్పుడు కావాల్సింది లక్షల మెషీన్ కాదు, బండల మధ్య కాస్త గడ్డి, మోసేవాళ్లకు సరైన దారి.

అన్నట్టు, ఇందులో కూలీల మాట కీలకం. జపాన్‌లో తైచీ ఓనో రూపుదిద్దిన టయోటా పద్ధతిలో లోపం కనిపిస్తే లైన్‌లోని మామూలు వర్కరే తాడు లాగి పని ఆపించొచ్చు. పక్కన స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడి "ఇంకా ఫాస్ట్‌గా" అనడం ప్రాసెస్ ఇంప్రూవ్‌మెంట్ కాదు. బండ ఎక్కడ పగులుతుందో మోసేవాడికే ముందు తెలుస్తుంది.

కోర్సు ఎక్కడ? ఫీజు ఎంత?

ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో ఎన్‌పీటెల్ మొదలుపెట్టాయి. కేంద్ర ప్రభుత్వం 2017 జులై 9న స్వయం పోర్టల్‌ను ప్రారంభించింది. ఎన్‌పీటెల్ కోర్సుల్లో స్వయంలోనే చేరొచ్చు. ఈ సబ్జెక్టులో ఐఐటీ రూర్కీ ప్రొఫెసర్ రజత్ అగ్రవాల్ చెప్పిన ప్రొడక్షన్ అండ్ ఆపరేషన్ మేనేజ్‌మెంట్, ఐఐటీ ఖరగ్‌పూర్ ప్రొఫెసర్ జితేష్ ఠక్కర్ చెప్పిన సిక్స్ సిగ్మా చెప్పుకోదగ్గవి. ప్రతి కోర్సూ ప్రతి సెమిస్టర్‌లో ఉండదు. అయితే పాత వీడియోలు యూట్యూబ్‌లో ఎప్పుడైనా చూడొచ్చు. విదేశీ కోర్సు కావాలంటే కోర్సెరాలో వార్టన్ స్కూల్ ప్రొఫెసర్ క్రిస్టియన్ టెర్వీష్ క్లాసులు పేరున్నవి. పాఠాలు ఇంగ్లిష్‌లోనే ఉంటాయి కానీ లెక్కలు బోర్డు మీద కనిపిస్తుంటే అనుసరించడం అంత కష్టమేం కాదు.

ఎన్‌పీటెల్ కోర్సులు 4, 8, 12 వారాలవి. జనవరి, జులై నెలల్లో మొదలవుతాయి. వారం వారం అసైన్‌మెంట్ ఉంటుంది. 8 వారాల కోర్సులో బెస్ట్ 6, 12 వారాల కోర్సులో బెస్ట్ 8 అసైన్‌మెంట్లు లెక్కలోకి తీసుకుంటారు. వాటికి 25 మార్కులు, పరీక్షకు 75. అసైన్‌మెంట్లలో 10, పరీక్షలో 30 వస్తే పాస్. 90 దాటితే గోల్డ్. పరీక్ష ఫీజు ఒక్కో కోర్సుకు రూ.1,000. పరీక్ష ఇంట్లో కూర్చుని రాసేది కాదు, సెంటర్‌కు వెళ్లాల్సిందే.

డిగ్రీ, బీటెక్ చదువుతున్నవాళ్లకు ఇంకో లాభం. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం సెమిస్టర్ క్రెడిట్లలో 40 శాతం వరకు స్వయం కోర్సుల నుంచి తెచ్చుకోవచ్చు. ఏ కోర్సుకు క్రెడిట్ ఇస్తారో ముందే కాలేజీలో అడిగి తెలుసుకోవాలి. చేరాక అడిగితే లాభం లేదు.

సర్టిఫికెట్ ఉంటే ఉద్యోగం గ్యారెంటీనా?

కాదు. ఇది ముందే తెలుసుకోవడం మంచిది. 2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఆమోదించిన 12 ఇండస్ట్రియల్ స్మార్ట్ సిటీల్లో కర్నూలు జిల్లా ఓర్వకల్లు, కడప జిల్లా కొప్పర్తి ఉన్నాయి. ఓర్వకల్లు 2,621 ఎకరాలు, కొప్పర్తి 2,596 ఎకరాలు. పక్కనే పెనుకొండలో కియా ప్లాంట్ 2019 నుంచి కార్లు తయారు చేస్తోంది. ఇలాంటి చోట్ల ప్రొడక్షన్, క్వాలిటీ, స్టోర్స్ విభాగాల్లో రోజూ వినిపించే భాష ఈ కోర్సుదే. కానీ ఇంటర్వ్యూలో "ఎక్కడైనా కొలిచి చూశావా?" అని అడిగితే జవాబు ఉండాలి. దగ్గర్లోని యూనిట్‌లోనో, హోటల్‌లోనో, నాన్న కిరాణా కొట్లోనో 15 రోజులు కొలిచిన నోట్‌బుక్ గోల్డ్ సర్టిఫికెట్ కంటే ఎక్కువ మాట్లాడుతుంది. బెంగళూరు బస్సు ఎక్కేముందే సంపాదించుకోగల అనుభవం ఇది.

ఇక బెల్టుల పేరుతో జరిగే వ్యాపారంతో జాగ్రత్త. సిక్స్ సిగ్మా గ్రీన్ బెల్ట్, బ్లాక్ బెల్ట్‌లకు ప్రపంచం మొత్తానికి ఒకే గుర్తింపు సంస్థ అంటూ లేదు. ఎవరైనా ఇవ్వొచ్చు. అమెరికాకు చెందిన ఏఎస్‌క్యూ లాంటి పేరున్న సంస్థ అయితే గ్రీన్ బెల్ట్‌కే మూడేళ్ల ఉద్యోగ అనుభవం అడుగుతుంది. "రెండు రోజుల్లో బ్లాక్ బెల్ట్, ప్లేస్‌మెంట్ పక్కా" అని వాట్సాప్‌లో మెసేజ్ వస్తే డబ్బు కట్టేముందు ఒక్కటి అడగండి.. ప్రాజెక్టు ఎవరు చేయిస్తారు, ఎక్కడ?

చేరాలనుకునేవాళ్లు స్వయం పోర్టల్‌లో మెయిల్ ఐడీతో రిజిస్టర్ చేసుకోవాలి. పేరు ఐడీ కార్డులో ఉన్నట్టే టైప్ చేయాలి, సర్టిఫికెట్ మీద అదే వస్తుంది. కోర్సులో చేరడం వేరు, పరీక్షకు రిజిస్టర్ చేసుకోవడం వేరు. రెండోదానికి విడిగా గడువుంటుంది. చాలామంది మిస్సయ్యేది అక్కడే. పరీక్ష రోజు హాల్‌టికెట్‌తో పాటు ఒరిజినల్ ఐడీ కార్డు తీసుకెళ్లాలి.