ఖాందాన్‌లో సర్తాన్

మా పాతబస్తీలో కేన్సర్‌ను పేరు పెట్టి పిలవరు. "వో బీమారీ" అంటారు, అదీ గొంతు తగ్గించి. "వాళ్ల ఖాందాన్‌లోనే ఉందట" అన్న మాట గల్లీలో పడిందంటే ఆ ఇంటి ఆడపిల్లకు రిష్తాలు ఆగిపోతాయి. అందుకే దాచేస్తారు. నానీ ఏ మర్జ్‌తో పోయిందో మనవరాలికి తెలియని ఇళ్లు నేను చాలా చూశాను.

మన జుబాన్‌లో దీనికి పేరు లేక కాదు. సర్తాన్ అంటాం. అరబీ మాట, అర్థం ఎండ్రకాయ. గ్రీకులు పెట్టిన పేరునే హకీములు తర్జుమా చేసుకున్నారు. వెయ్యేళ్ల కింద ఇబ్న్ సీనా 'అల్ ఖానూన్'లో దీని గురించి రాశాడు. ఒంట్లో సౌదా, అంటే నల్ల పైత్యం, చెడితే వస్తుందని పాత హకీముల ఖయాల్.

ఖాందాన్ సవాల్‌ను కాగితం మీద పెట్టినవాళ్లలో ఫ్రెంచి డాక్టర్ పాల్ బ్రోకా ముందువాడు. 1866లో తన భార్య తరఫు షజరా అచ్చు వేశాడు. అందులో 24 మంది ఆడవాళ్లుంటే 10 మంది రొమ్ము కేన్సర్‌తో పోయారు. 1895లో అమెరికాలోని మిషిగన్‌లో బట్టలు కుట్టే ఒక ఔరత్, మావాళ్లంతా దీంతోనే పోయారు, నేనూ పోతానని డాక్టర్ వార్తిన్‌తో చెప్పింది. అలాగే పోయింది. ఆయన ఆ ఖాందాన్ లెక్కంతా తీసి 1913లో అచ్చు వేశాడు. 1990లో మేరీ క్లెయిర్ కింగ్, రొమ్ము కేన్సర్‌కు దారితీసే ఒక జీన్ 17వ క్రోమోజోమ్ మీద ఉందని చూపింది. అదే బీఆర్‌సీఏ1.

మరి ఖాందాన్‌లో వస్తుందా? వస్తుంది, కానీ తక్కువ. పుట్టుకతో వచ్చిన జీన్ లోపం వల్ల వచ్చేవి నూటికి 5 నుంచి 10 కేన్సర్లే. బాప్‌కీ బేటాకీ ఇద్దరికీ నోటి కేన్సర్ వస్తే ముందు చూడాల్సింది ఇద్దరి జేబుల్లోని గుట్కా, జర్దా. ఇంకో సంగతి. లోపమున్న బీఆర్‌సీఏ జీన్ తల్లి నుంచే కాదు, తండ్రి నుంచీ వస్తుంది. బిడ్డకు చేరే అవకాశం సగానికి సగం. కాబట్టి ఖాలాను అడిగితే చాలదు, ఫుప్పూనూ అడగాలి. కోడలిని మన్‌హూస్ అనే అత్తగారు తన కొడుకు వైపు లెక్క కూడా చూసుకోవాలి.

నేను చూసిన షజరాల్లో ఏడు తరాల నసబ్ ఉంటుంది, అన్నీ మగవాళ్ల పేర్లే. ఆడవాళ్ల పేర్లే లేని చోట వాళ్ల మర్జ్ ఎక్కడ దొరుకుతుంది? రెడ్ హిల్స్‌లో మెహదీ నవాజ్ జంగ్ పేరున ఉన్న కేన్సర్ దవాఖానా 1955 నుంచి నడుస్తోంది. అలాంటి దవాఖానాకు వెళ్తే డాక్టర్ తప్పక అడిగే సవాల్ ఒకటుంది: మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా వచ్చిందా? జవాబు తెలియకపోతే నష్టం ఆడపిల్లకే.

దాదీ, నానీ బతికి ఉండగానే అడగండి. ఎవరికి, ఏ అవయవానికి, ఏ వయసులో వచ్చిందో రాసి పెట్టుకోండి. ఒకే వైపు ఇద్దరు ముగ్గురికి ఉన్నా, యాభై లోపే వచ్చినా డాక్టర్‌కు చెప్పండి. ఎప్పటి నుంచి, ఎన్నాళ్లకోసారి చెకప్ చేయించుకోవాలో ఆయన చెబుతారు. తఖ్దీర్ అల్లాహ్ చేతిలో ఉంది, తద్బీర్ మాత్రం మన మీదే ఉంది.