పాలీహౌస్ కర్టెన్ మోటారు రెండు వైపులా తిరగాలంటే వైరింగ్ ఎలా చేసుకోవాలి?

శంషాబాద్, మొయినాబాద్, చేవెళ్ల ప్రాంతాల పాలీహౌస్‌లలో జెర్బెరా, క్యాప్సికం పండించే రైతులకు ఏప్రిల్, మే నెలల సాయంత్రాలు పెద్ద పరీక్ష. ఈదురుగాలి మొదలయ్యాక పక్క కర్టెన్లన్నీ చేతి హ్యాండిల్‌తో దించేంత సమయం ఉండదు. గాలి లోపలికి దూరితే పైకప్పు ఫిల్ము చిరిగిపోతుంది. కరెంటు పోయేది కూడా అప్పుడే. అందుకే ఈ పనికి బ్యాటరీతో నడిచే 12 లేదా 24 ఓల్టుల డీసీ గేర్ మోటారు మేలు.

రెండే వైర్లున్న పర్మనెంట్ మాగ్నెట్ డీసీ మోటారుకు ప్లస్, మైనస్ తారుమారు చేస్తే దిశ మారుతుంది. పడవ లంగరును దించి ఎత్తే చాలా మోటార్లదీ ఇదే సూత్రం. పాత సామాన్ల దుకాణంలో వించ్ మోటారు కొనేవారు మాత్రం టెర్మినళ్లు లెక్కపెట్టాలి. మూడు, నాలుగు ఉంటే అది సిరీస్ వైండింగ్ రకం కావచ్చు. దానికి బ్యాటరీ వైర్లు మార్చినా అదే వైపు తిరుగుతుంది. 230 ఓల్టుల సింగిల్ ఫేజ్ మోటారుకు కూడా ప్లగ్గు తిప్పి పెడితే దిశ మారదు.

ఐదు కాళ్ల ఆటోమొబైల్ రిలేలు రెండు తీసుకోవాలి. మోటారు వైరు ఒక్కొక్కటి ఒక్కో రిలే 30 నంబరు కాలుకు కలపాలి. రెండు రిలేల 87 కాళ్లను ఫ్యూజు ద్వారా ప్లస్‌కు, 87ఎ కాళ్లను మైనస్‌కు ఇవ్వాలి. 85 మైనస్‌కు, 86 స్విచ్చి నుంచి వచ్చే వైరుకు. ఏ రిలే పనిచేస్తే మోటారు ఆ వైపు తిరుగుతుంది. పొరపాటున రెండూ ఒకేసారి పనిచేసినా షార్టు కాదు, మోటారు ఆగిపోతుంది. స్విచ్చి మధ్యలో ఆఫ్ ఉండి, చెయ్యి తీయగానే వెనక్కి వచ్చే స్ప్రింగు రకమైతే మంచిది. దిశ మార్చేముందు మోటారు పూర్తిగా ఆగనివ్వాలి. తిరుగుతుండగానే మారిస్తే గేర్ పళ్లు, రిలే కాంటాక్టులు రెండూ పాడవుతాయి.

ఎక్కువమంది నష్టపోయేది వైరు దగ్గర. 12 ఓల్టుల, 100 వాట్ల మోటారు సుమారు 8 ఆంపియర్లకు పైగా తీసుకుంటుంది. బ్యాటరీ 30 మీటర్ల దూరంలో ఉంటే రానుపోను 60 మీటర్ల వైరు. 2.5 చదరపు మి.మీ. రాగి తీగలో దాదాపు 4 ఓల్టులు దారిలోనే పోతాయి. మోటారుకు చేరేది 8 ఓల్టులే, తడిసి బరువెక్కిన కర్టెన్‌ను అది లాగలేదు. కాబట్టి బ్యాటరీ, రిలేలు మోటారు పక్కనే పెట్టి, స్విచ్చి దాకా సన్నని వైరు లాగాలి. రిలే కాయిల్‌కు అర ఆంపియరు కూడా అవసరం లేదు. అలా కుదరకపోతే 24 ఓల్టుల మోటారు కొనాలి. అదే వాట్లకు కరెంటు సగమవుతుంది.

ఫ్యూజు బ్యాటరీ ప్లస్ పక్కనే ఉండాలి. నేమ్‌ప్లేటు ఆంపియర్లకు సుమారు ఒకటిన్నర రెట్లు సరిపోతుంది, కానీ వైరు మోయగలిగిన దానికి మించకూడదు. బ్యాటరీని వేరుచేసే మెయిన్ స్విచ్చి కూడా తప్పనిసరి. రిలే కాంటాక్టు అతుక్కుపోతే స్విచ్చి వదిలినా మోటారు ఆగదు.

పైన ఒకటి, కింద ఒకటి లిమిట్ స్విచ్చిలు బిగించి, వాటి ఎన్‌సీ కాంటాక్టును ఆయా దిశ రిలే 86 వైరులో కలపాలి. కింది లిమిట్ స్విచ్చి అనవసరమని కొందరు వదిలేస్తారు. అది తప్పు. కర్టెన్ పూర్తిగా దిగాక కూడా మోటారు తిరిగితే, పైపు మీద అది ఎదురు దిశలో చుట్టుకుంటూ మళ్లీ పైకి లేస్తుంది.

మొదటిసారి పైపుకు బిగించకుండా మోటారు ఒక్కదాన్నే నడిపి చూడాలి. ‘పైకి’ నొక్కి, పై లిమిట్ స్విచ్చిని చేత్తో తాకితే ఆగాలి. దిశ తిరగబడితే మోటారు రెండు వైర్లు మార్చి, రెండు లిమిట్ స్విచ్చిలనూ మళ్లీ పరీక్షించాలి. చేతి హ్యాండిల్ తీసి పారేయకండి.